జర్మన్ పైలట్ల గురించి పెళ్లివారి ఎంక్వైరీ

ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి చెబుతాను. ఇది రోగమో వరమో ఇప్పటికీ తేలలేదు కానీ, మా ఇంట్లో దీనికో మందు మాత్రం కనిపెట్టారు. నేను ఏం చెప్పినా మా ఆవిడ మనసులోనే నాలుగుతో భాగించుకుని వింటుంది. "రోడ్డుకి అడ్డంగా నలభై ఆవులు నిలబడ్డాయి, అందుకే ఆలస్యమైంది" అంటే, "పది ఆవులకి గంటసేపు ఎందుకు పట్టింది?" అని అడుగుతుంది. చదివేవాళ్లు కూడా అదే పద్ధతి పాటిస్తే మన మధ్య మాటపట్టింపులు రావు. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో ఒక్కచోట కల్పించాను. అది ఎక్కడో చివర్లో నేనే ఒప్పుకుంటాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులు. మేం భూగోళం అడుగున, మనకి ఎండాకాలమైతే వాళ్లకి చలికాలమయ్యే దేశంలో, హామిల్టన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నేను పాలు పితికే యంత్రాలకి రబ్బరు గొట్టాలూ, విడిభాగాలూ అమ్మే కంపెనీలో పనిచేసేవాణ్ణి. చుట్టుపక్కల ఉన్న ప్రతి ఆవు పొదుగుతోనూ నాకు పరోక్షంగా పరిచయం ఉండేదని చెప్పుకోవచ్చు. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్లో పొగమంచు ఎలా పట్టేదంటే, ఇంటి ముందు కారు ఆపి, తడుముకుంటూ వెళ్లి, పక్కింటి తలుపుకి తాళంచెవి పెట్టి తిప్పిన రోజులున్నాయి. ఇల్లు బయటికంటే చల్లగా ఉండేది. పెరుగు తోడుకోవాలంటే ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం, అక్కడైతే కాస్త వెచ్చగా ఉంటుందని.

అలాంటి ఒక చలికాలపు శనివారం, చర్చివాళ్లు నడిపే పాత సామాన్ల షాపులో ఒక డబ్బా కొన్నాను. లోపల ప్లాస్టిక్ ముక్కలు. అతికిస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధవిమానం అవుతుంది. డబ్బా పక్కన గోరంత ఫొటోలో ఆ విమానం నడిపిన మనిషి నవ్వుతున్నాడు. గరాజ్‌లో కూర్చుని రెక్క అతికించబోతూ ఆ ఫొటో చూశాను. చొక్కాకి మెడ కింద బొత్తాం ఒకటి లేదు.

అంతే, విమానం సంగతి మర్చిపోయాను. బొత్తాం ఊడిపోయిందని ఇతనికి చెప్పేవాళ్లే లేరా? పెళ్లాం ఉందా? ఉంటే మాట్లాడుకునేవాళ్లా? పొద్దున్నే ఆకాశంలోకి వెళ్లి మనుషుల్ని చంపి, చావు తప్పించుకుని దిగి, సాయంత్రం ఇంటికి "బంగాళదుంపలు దొరుకుతున్నాయా?" అని ఉత్తరం రాసేవాడా? నేను వాళ్ల భక్తుణ్ణి కాను. వాళ్లు ఎగిరింది దుర్మార్గుల తరఫున, ఆ సంగతి నాకు తెలుసు. నాకు అంతుపట్టనిదల్లా ఆ దుర్మార్గం మధ్యలో బొత్తాలు ఎవరు కుట్టేవారన్నదే.

ఇంటర్నెట్‌లో ఈ పైలట్ల గురించి చర్చించుకునే పెద్దమనుషుల గుంపు ఒకటి దొరికింది. ఎవడు ఎన్ని విమానాలు కూల్చాడు, ఇంజనుకి ఎన్ని గుర్రాల బలం, రెక్క మీద గీత ఏ రంగు, ఏదడిగినా నిద్రలో చెప్పేస్తారు. నేను వెళ్లి, "ఈయనకి మామగారితో పడేదా?" అని అడిగాను. మూడు రోజులపాటు ఆ చర్చావేదిక మీద చీమ చిటుక్కుమనలేదు. నాలుగో రోజు ఒకాయన, ఆ విమానంలో వాడిన ఇంజను ఆయిలు ఏ రకమో రాసి పంపాడు.

నేను ఇంకా ఆ వెతుకులాటలోనే ఉండగా, చలికాలం దాటి అక్కడ ఎండలు కాసే ఫిబ్రవరిలో, మా అత్తగారు విజయనగరం నుంచి ఆర్నెల్ల వీసా మీద దిగారు.

ఆవిడ గురించి చెప్పాలి. మా అత్తగారు చుట్టుపక్కల మూడు జిల్లాల్లో పెళ్లి సంబంధాలకి ఎంక్వైరీ చేసిన మనిషి. చుట్టాలెవరికి సంబంధం వచ్చినా ముందు ఈవిడకి కబురు వెళ్లేది. ఆవిడ సరేనన్న సంబంధం ఇంతవరకు ఒక్కటీ తిరగబడలేదు. "ఒక్కటి తప్ప" అంటారావిడ, నా వైపు చూస్తూ.

హామిల్టన్‌లో ఆవిడకి తోచేది కాదు. కూతురు డ్యూటీకి వెళ్లిపోయేది, టీవీలో ఎప్పుడు పెట్టినా రగ్బీ వచ్చేది. నెలకోసారి కరివేపాకు కోసం, గంటన్నర దూరంలో మన కొట్లుండే శాండ్రింగ్‌హామ్ దాకా మేం కారులో తీసుకెళ్లడమే ఆవిడకి తీర్థయాత్ర. ఒక సాయంత్రం కాఫీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డారు. అప్పటి మా ఇంటర్నెట్ ఫోను తీగ మీద నత్తలా వచ్చేది. ఫొటో ఒకటి తెరవమంటే ముందు టోపీ వచ్చేది, కూర పోపు పెట్టేలోపు నుదురు వచ్చేది, అన్నం ఉడికేసరికి గడ్డం దిగేది.

"ఎవరు బాబూ ఈ అబ్బాయి?"

"జర్మన్ పైలట్ అత్తయ్యగారూ. ఇంకా నుదురే వచ్చింది."

"నుదురు బాగుంది." ఆవిడ కుర్చీ లాక్కున్నారు. కాసేపటికి ముక్కు వచ్చింది. "ముక్కు కూడా పర్లేదు. పెళ్లైందా?"

"అదే తెలియడం లేదు."

"ఎవర్ని అడిగారు?"

చర్చావేదిక గురించి చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపులో, మా పెళ్లినాటి పశ్చాత్తాపం కనబడింది.

"మగాళ్లని అడిగితే మగాడు ఏం ఉద్యోగం చేశాడో చెబుతారు. అది ఎంక్వైరీ ఏమిటి బాబూ? కుర్రాడి గురించి కుర్రాడి ఇంట్లోనూ అడక్కూడదు, ఆఫీసులోనూ అడక్కూడదు. పక్కింటివాళ్లని అడగాలి. అదీ గోడ తగాదా ఉన్న పక్కింటివాళ్లైతే మరీ మంచిది. మంగలిని అడగాలి, బట్టలు కుట్టేవాణ్ణి అడగాలి. పాటకో భజనకో వెళ్లేవాడైతే అక్కడ పక్కన కూర్చున్నవాణ్ణి అడగాలి."

ఆ రోజు నుంచి మా పరిశోధన పద్ధతి మారిపోయింది. సైనిక రికార్డులు వదిలేసి, ఆ పైలట్లు పుట్టిన ఊళ్లలోని రొట్టెల షాపులకీ, చర్చి గాయకబృందాలకీ, ఫుట్‌బాల్ క్లబ్బులకీ ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టాం. కంప్యూటరు చేసిచ్చిన జర్మన్ అనువాదంలో మా ప్రశ్నలు అక్కడివాళ్లకి ఎలా కనబడ్డాయో నాకు తెలియదు కానీ, ఒక రొట్టెల షాపాయన, "మా ఇంట్లో పెళ్లీడు పిల్లలు ఎవరూ లేరు" అని ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. కొందరు మాత్రం నిజంగానే రాశారు. ఒక పైలట్ తన అక్కగారు చేసే సూప్ భరించలేక సెలవులు రద్దు చేయించుకునేవాడట. ఇంకొకాయనకి నీళ్లంటే భయమట, జీవితంలో ఈత నేర్చుకోలేదట. ఒక్కొక్క కబురు వచ్చినప్పుడల్లా అత్తయ్యగారు తీర్పు చెప్పేవారు. "మనిషి నెమ్మదస్తుడే. ఉద్యోగమే బాలేదు."

ఏప్రిల్ వచ్చింది. ఆ దేశంలో ఏప్రిల్ అంటే ఫిజోవాలు. కోడిగుడ్డంత ఆకుపచ్చటి పండు, పెరట్లో ఒక్క చెట్టుంటే చాలు, వీధంతా మునిగిపోతుంది. తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో సంచులుంటాయి. ఇచ్చినవాళ్లు కనబడరు, తిరిగి ఇచ్చేస్తామేమోనని పారిపోతారు. మా గుమ్మంలో మాత్రం ఒకరోజు సంచి కాదు, అల్లిన బుట్ట ఉంది. ఎదురింటావిడది. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన జర్మన్ ఆవిడ, అరవై దాటి ఉంటాయి. మొదట్లో నేను అలవాటుకొద్దీ ఆంటీ అని పిలిస్తే, "నేను మీ అమ్మకి చెల్లెల్నా, నాన్నకి చెల్లెల్నా?" అని అడిగారు. అప్పట్నుంచి నాకు ఆవిడ టీచరుగారు.

బుట్ట వెనక్కివ్వాలి. మనింట్లో ఎదుటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగివ్వడం ఉందా? అత్తయ్యగారు ఆ ఫిజోవాలకే ఆవ పెట్టి పచ్చడి చేసి, సీసా బుట్టలో పెట్టి పంపించారు. మర్నాడు టీచరుగారు ఎర్రటి కళ్లతో వచ్చారు. భయపడ్డాం. ఇంకో సీసా ఉందేమోనని అడగడానికి వచ్చారట.

పచ్చడి తీసుకుని వెళుతూ వెళుతూ, గరాజ్ తలుపు తెరిచి ఉంటే లోపలికి చూశారు. బల్ల మీద నా విమానం, ఒక రెక్కతో.

"ఇది ఎందుకు చేస్తున్నారు?"

నేను బొత్తాం కథ చెప్పాను. అప్పటికి ఆ చొక్కాకి మూడు బొత్తాలు పోయాయి, నా కథలో. ఆవిడ పచ్చడి సీసా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయారు. వారం తర్వాత, ఒక శుక్రవారం సాయంత్రం, చేతిలో ఫొటోతో వచ్చారు.

"మా నాన్న ఇలాంటి విమానమే నడిపాడు," అన్నారు. "నేను పుట్టేసరికి లేడు."

ఆవిడ చెప్పిన సంగతి ఇది. యుద్ధం అయ్యాక తల్లి చంటిపిల్లతో హామిల్టన్‌లో ఉన్న చుట్టాల దగ్గరికి వచ్చేసింది. ఆ పైలట్ ఇంటిపేరే పెట్టుకుని బతికింది, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అతని గురించి అడిగితే లేచి వెళ్లి గిన్నెలు కడిగేది. కానీ జర్మనీలో ఉన్న పిన్ని ఒకసారి కోపంలో, "మీ అమ్మ ఏ మగాడి పక్కనా నిలబడి పెళ్లి చేసుకోలేదు. ఆ ఇంటిపేరు అరువు తెచ్చుకుంది" అనేసింది. పైలట్ సొంతూరి ఆఫీసుకి రాస్తే, అక్కడ పెళ్లి నమోదైనట్టు ఏమీ లేదన్నారు. తల్లి నిరుడు పోయింది. సమాధికి రాయి సిద్ధంగా ఉంది. పేరు చెక్కాలి. ఏ ఇంటిపేరు?

"ఆయన మంచివాడా అని మిమ్మల్ని అడగను," అన్నారు టీచరుగారు. "ఎవరి కోసం ఎగిరాడో నాకు తెలుసు. వాళ్లిద్దరికీ పెళ్లయిందా లేదా, అంతే. ఇంకో మాట. మీ సంగతి కూడా నాకు తెలుసు. మొన్న నదిలో పాములాంటి ఈల్ చేప చూశానని దాని పొడవు చూపించడానికి రోడ్డు అవతలి దాకా నడిచారు. ఇందులో అలాంటివి వద్దు. రాయి మీద అబద్ధం చెక్కించలేను."

ఫొటో చేతిలోకి తీసుకున్నాను. ఒక ఆఫీసు గది. బల్ల దగ్గర ముదురురంగు బట్టల్లో ఒక పడుచుపిల్ల కూర్చుంది. పక్కన ఖాళీ కుర్చీ. బల్ల మీద సైనికుల ఇనపటోపీ, దాని పక్కన ఫ్రేము కట్టిన ఫొటోలో యూనిఫాం వేసుకున్న కుర్రాడు, ఫ్రేము చుట్టూ ఆకులతో కట్టిన సన్నటి దండ. వెనక నలుగురైదుగురు పెద్దవాళ్లు. ఎవరూ నవ్వడం లేదు.

ఇందులో పరిశోధించడానికి ఏముంది? మనవాళ్లలో చంటిపిల్లాడికి చూపించినా చెబుతాడు. గోడ మీద ఫొటోకి దండ ఉందంటే ఆ మనిషి లేడన్నమాట. ఎవరింటికైనా మొదటిసారి వెళ్లినప్పుడు మనం ముందు గోడలు చూసి, దండలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే "నాన్నగారు బాగున్నారా" అని అడుగుతాం.

"ఇది పెళ్లి కాదండీ," అన్నాను, గొంతు తగ్గించి. "ఆయన పోయాక పెట్టిన సంతాప సభ."

నా జీవితంలో మొదటిసారి, ఒక్క ముక్క కూడా పెంచకుండా చెప్పిన మాట అది. సరిగ్గా అదే తప్పయింది.

టీచరుగారు ఫొటో వెనక్కి తీసుకుని చాలాసేపు చూశారు. "అమ్మ చేతికి పెళ్లి ఉంగరం లేదు," అన్నారు. "చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆయన పోయాక కూడా చేతికి ఉంగరం లేదంటే, ఇంక పిన్ని చెప్పిందే నిజం." రాయి చెక్కే అతను సోమవారం పని మొదలుపెడతాడట. పుట్టింటి పేరే చెక్కమని చెప్పేస్తానన్నారు. పోతూ పోతూ నాకు థాంక్స్ కూడా చెప్పారు. వెళ్లేముందు ఆ ఫొటో అడిగి స్కాన్ చేసుకున్నాను కాబట్టి, నా కంప్యూటర్లో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న అది తెరిచి కూర్చున్నాను. ఎందుకో మనసు బాగాలేదు. అత్తయ్యగారు కాఫీతో వచ్చారు.

"ఎవరి పెళ్లి బాబూ ఇది?"

"పెళ్లి కాదు అత్తయ్యగారూ, చావు. ఎదురింటి టీచరుగారి నాన్నగారిది. దండ చూడండి."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని దగ్గరికి వచ్చారు. ఈసారి ఫొటో ఒక్కసారిగా కనబడింది కాబట్టి ముక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేకపోయింది.

"చావింట్లో పిల్ల ఒళ్లో పూలగుత్తి ఎందుకుంది?"

ఉంది. బల్ల అంచు కింద, సగమే కనబడుతూ. నేను చూడలేదు.

"చావింట్లో ఎవరైనా పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక నిలబడతారా? ఈ పెద్దావిడ కాలరు సర్దుకుంది చూడండి. చావింట్లో ఆ తీరిక ఎవరికుంటుంది? పోయినవాడికి పిల్ల పక్కన సమానంగా కుర్చీ వేస్తారా?"

"మరి దండ..."

"పెళ్లికొడుక్కి దండ వెయ్యరా బాబూ? మీకు వెయ్యలేదూ?"

వేశారు. బంతిపూలది. మెడ దురద పెట్టింది కూడా.

"మరి పెళ్లికొడుకు ఏడీ?" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"టోపీ పంపించాడు కదా." ఆవిడ నా కుర్చీ పక్కన కూర్చున్నారు. "మా అమ్మమ్మ చెప్పేది. జమీందార్ల ఇళ్లల్లో పెళ్లికొడుకు రావడానికి వీల్లేకపోతే కత్తి పంపేవారు. పల్లకీలో కత్తి వచ్చేది. పిల్లని ఆ కత్తి పక్కన కూర్చోబెట్టి పెళ్లి జరిపించేసేవారు. కత్తి వస్తే మనిషి వచ్చినట్టే. వీళ్లకి కత్తి బదులు టోపీ. సరే, ఆ టీచరుగారు ఎక్కడ ఎంక్వైరీ చేయించారు?"

"పైలట్ సొంతూళ్లో."

"పెళ్లి ఎవరింటి దగ్గర జరుగుతుంది?"

"ఆడపిల్ల ఇంటి..." అని ఆగిపోయాను.

మేమిద్దరం రోడ్డు దాటిన వేగం చూసి వీధి చివర కుక్క ఒకటి మొరగడం మర్చిపోయింది. అత్తయ్యగారి కాళ్లకి మా ఆవిడ స్లిప్పర్లున్నాయి, నా చేతిలో ఇంకా కాఫీ గ్లాసుంది. టీచరుగారు తలుపు తీశారు. అత్తయ్యగారు తెలుగులోనూ, నేను ఇంగ్లీషులోనూ, ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం.

"ఒక్కొక్కరు," అన్నారు టీచరుగారు, క్లాసులో అన్నట్టు.

నేను తప్పు చెప్పానని ముందు చెప్పాను. తర్వాత అత్తయ్యగారి వాదన ఒక్కొక్కటే తెలుగులోంచి మార్చి చెప్పాను, ఏమీ కలపకుండా. పూలగుత్తి, కాలరు, కుర్చీ, కత్తి. ఉంగరం దగ్గర ఆవిడే ఆపారు. "పెళ్లి ఇంకా అవుతూ ఉంటే," అన్నారు నెమ్మదిగా, "ఉంగరం అప్పటికి పెట్టి ఉండరు."

రాయి చెక్కే అతనికి ఫోను చేస్తే చేపలు పట్టడానికి సముద్రానికి వెళ్లాడట. మెషీనులో మెసేజ్ పెట్టారు. ఆదివారం సాయంత్రం అతనే ఫోను చేసి, "రాయికేం తొందర, ఎప్పుడు చెబితే అప్పుడే" అన్నాడట. జర్మనీలో ఆఫీసు సోమవారం దాకా తెరవరు. ఆ రెండు రోజులు అత్తయ్యగారు వంటింటి కిటికీలోంచి ఎదురిల్లు చూస్తూనే ఉన్నారు, పురిటి కబురు కోసం చూస్తున్నట్టు.

సోమవారం రాత్రి భోజనాల వేళకి అక్కడ పొద్దున్న అవుతుంది. టీచరుగారు వాళ్లమ్మ పుట్టిన ఊరి ఆఫీసుకి ఫోను చేశారు. ఫోనెత్తిన ఆవిడ, పాత పుస్తకాలు కింది గదిలో ఉంటాయి, రేపు ఇదే వేళకి చెయ్యండి అంది. మంగళవారం మమ్మల్ని కూడా పిలిచారు. వంటగదిలో ముగ్గురం కూర్చున్నాం. బల్ల మీద సూప్ చల్లారిపోతోంది. టీచరుగారు జర్మన్‌లో మాట్లాడుతుంటే మాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇద్దరం ఆవిడ మొహమే చూస్తున్నాం, ఆ నత్త ఇంటర్నెట్‌లో ఫొటో దిగుతుంటే చూసినట్టు. ముందు నుదురు బిగుసుకుంది. తర్వాత కళ్లు మూసుకున్నారు. చివరికి గడ్డం కొంచెం వణికింది. ఫోను పెట్టేశారు.

"పెళ్లయింది," అన్నారు.

అత్తయ్యగారికి తర్జుమా అక్కర్లేకపోయింది. టీచరుగారి చెయ్యి పట్టుకున్నారు.

అప్పట్లో సైనికులకి అలా ఒక పద్ధతి ఉండేదట. మగవాడు యుద్ధంలో ఉన్నచోటే పై అధికారి ముందు అవునంటాడు. ఆ కాగితం ఊరికి వచ్చాక, పిల్ల ఇక్కడ టోపీ పక్కన కూర్చుని అవునంటుంది. ఆయన అవునన్నాడు. రెండు వారాల తర్వాత ఈవిడ అవునంది. ఈ రెండింటికీ మధ్యలో, ఒక పొద్దున్న వెళ్లిన విమానం తిరిగి రాలేదు. ఆ కబురు ఊరికి చేరింది పెళ్లయ్యాక. ఫొటో తీయించుకునేటప్పటికి ఆ గదిలో ఎవరికీ తెలియదు.

నేను తలొంచుకున్నాను. దండ గురించి నేను చెప్పిందీ అబద్ధం కాలేదు, అత్తయ్యగారు చెప్పిందీ అబద్ధం కాలేదు. నాదే ఒప్పయిందని సంబరపడే సందర్భం కాదది.

"మరి పెళ్లి చెల్లుతుందా?" అత్తయ్యగారు నా చేత అడిగించారు. ఎంక్వైరీ మనిషి కదా.

"చెల్లుతుంది. అలాంటప్పుడు, ఆయన అవునన్న రోజే పెళ్లిరోజుగా లెక్కవేస్తారట." టీచరుగారు పక్కనున్న న్యూస్‌పేపరు అంచు మీద ఏదో కూడిక వేశారు, కొట్టేశారు, మళ్లీ వేశారు. లెక్కల టీచరు ఒక చిన్న లెక్క రెండుసార్లు చెయ్యడం అప్పుడే చూశాను. "ఆ రోజుకి నేను అమ్మ కడుపులో ఉన్నాను. అంత హడావిడిగా, అంత దూరం నుంచి ఎందుకు పెళ్లి చేసుకున్నాడో ఇప్పుడు తెలిసింది. ఆయనకి తెలుసు."

అక్కడ నాకు నోరు దురద పెట్టింది. ఆయన పూసల్లాంటి అక్షరాలతో ఉత్తరం రాసి ఉంటాడనీ, విమానంలో కూర్చుని పాపకి పేరు వెతికి ఉంటాడనీ, కనీసం అరడజను వాక్యాలు నాలుక చివరికి వచ్చాయి. వాటితోపాటే సూప్ మింగేశాను. చల్లారిపోయింది, ఉప్పు తక్కువ.

ఆ తర్వాత నెలకి, అత్తయ్యగారి పద్ధతిలో పైలట్ సొంతూరికి పంపిన ఈమెయిల్‌కి జవాబు వచ్చింది. చర్చి గాయకబృందంలో చిన్నప్పుడు పాడిన ఒక ముసలాయన, మనవరాలి చేత రాయించాడు. ఆ పైలట్ కుర్రాడు ఆఖరి వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపేవాడట, గొంతు అంత ఘోరంగా ఉండేదట. పొడుగ్గా ఉండి బల్లలు మొయ్యడానికి పనికొస్తాడని పాటల మాస్టారు ఊరుకునేవాడట. చదివి వినిపిస్తే టీచరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. స్కూలు ప్రార్థనలో ఆవిణ్ణి కూడా పెదవులు మాత్రమే కదపమనేవారట, ముప్ఫై ఏళ్లూ.

"అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నది ఇందుకే బాబూ," అన్నారు అత్తయ్యగారు.

అక్టోబరులో రాయి నిలబెట్టారు. గాలి ఎలా ఉందంటే, రాయి చెక్కే అతను ఒక చేత్తో రాయినీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకున్నాడు. రాయి మీద వాళ్లమ్మ పేరు, పక్కన పైలట్ ఇంటిపేరు. ఇంకేమీ రాయించలేదు. టీచరుగారు అక్షరాలని వేలితో ఒకసారి తడిమి పక్కకి జరిగారు. అప్పుడు అత్తయ్యగారు సంచిలోంచి దండ తీశారు. టీచరుగారి పెరట్లో పూసిన, గులాబీల్లాంటి కెమెల్లియా పూలతో గుచ్చింది. తీసుకెళ్లి రాయికి వేశారు.

"ఇది దేనికి?" అని అడిగారు టీచరుగారు. "చావుకా, పెళ్లికా?"

నేను తర్జుమా చేశాను. అత్తయ్యగారు దండ సర్దుతూనే చెప్పారు. "ఫొటోలో ఆ అబ్బాయికే వేశారు. పిల్లకి ఎవరూ వెయ్యలేదు. ఒక్కళ్ల మెడలో దండ ఉంటే పెళ్లి పూర్తయినట్టు కాదు బాబూ. ఇద్దరికీ పడాలి."

ఇప్పుడు మాట ప్రకారం ఒప్పుకోవాలి. నేను కల్పించింది ఇదే. అత్తయ్యగారు ఆ రోజు అక్కడ లేరు. వీసా అయిపోయి ఆగస్టులోనే విజయనగరం వెళ్లిపోయారు. అంత ఎంక్వైరీ చేసిన మనిషి పెళ్లికి లేకపోవడమేమిటని, నేనే ఆవిణ్ణి తీసుకొచ్చి అక్కడ నిలబెట్టాను. ఆ మాట మాత్రం ఆవిడదే. ముందురోజు ఫోనులో చెప్పి, దండ ఎలా గుచ్చాలో మా ఆవిడకి గంటసేపు నేర్పారు. మేమిద్దరం కూర్చుని గుచ్చితే అది సైకిలు చెయినులా వచ్చింది.

సమాధి దగ్గర్నుంచే అత్తయ్యగారికి ఫోను చేశాం. టీచరుగారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. టీచరుగారికి తెలుగు రాదు, అత్తయ్యగారికి వచ్చిన ఇంగ్లీషు కూరగాయలు కొనడానికి సరిపోయేంత. అయినా దండ ఎలా ఉందో టీచరుగారు వివరంగా చెప్పారు. చాలా పొడుగని, రాయి చుట్టూ రెండుసార్లు తిరిగిందని. తిరగలేదు. ఒక్కసారికే చాలక, వెనకాల మా ఆవిడ సేఫ్టీ పిన్ను పెట్టింది.